క్వింటెన్ పోస్ట్‌ను నిలబెట్టిన రెండో కాలేజీ

2024 జూన్‌లో జరిగిన ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో, అంటే అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ జట్లు కొత్త ఆటగాళ్లను వరసగా ఎంచుకునే కార్యక్రమంలో, 52వ పేరు క్వింటెన్ పోస్ట్‌ది. ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టిన ఏడడుగుల సెంటర్ (బుట్ట దగ్గర ఆడే పొడుగాటి ఆటగాడు), అప్పటికి 24 ఏళ్లు నిండాయి. 2015 డ్రాఫ్ట్‌లో సరిగ్గా ఇదే 52వ స్థానంలో డాలస్ మావెరిక్స్ మన సత్నామ్ సింగ్‌ను తీసుకున్న సంగతి ఇక్కడ బాస్కెట్‌బాల్ చూసేవాళ్లకు గుర్తుండే ఉంటుంది. పంజాబ్ పల్లె నుంచి వెళ్లిన సత్నామ్‌కు అప్పుడు 19 ఏళ్లు. ఫ్లోరిడాలోని ఐఎంజీ అకాడమీ నుంచి, కాలేజీలో అడుగుపెట్టకుండానే నేరుగా డ్రాఫ్ట్‌కు వెళ్లాడు. ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ కూడా ఆడే అవకాశం అతనికి రాలేదు. పోస్ట్ మాత్రం తొలి సీజన్‌లోనే గోల్డెన్ స్టేట్ వారియర్స్ తరఫున ప్లేఆఫ్స్ దాకా ఆడాడు.

స్థానం ఒకటే, ఎత్తులోనూ పెద్ద తేడా లేదు. ఒకరికి ఉండి మరొకరికి లేనిది ఐదు సీజన్ల కాలేజీ ఆట. అయితే ఆ ఐదూ మొదట చేరిన మిసిసిపీ స్టేట్‌లోనే గడిచి ఉంటే, పోస్ట్ ఈపాటికి యూరప్‌లో ఏ మధ్యస్థాయి క్లబ్బులోనో ఆడుకుంటూ ఉండేవాడు. ఎత్తు ముందొచ్చి ఆట ఆలస్యంగా వచ్చే యూరప్ కుర్రాళ్ల విషయంలో మొదటి కాలేజీ కంటే రెండో కాలేజీ ఎంపికే ముఖ్యమని పోస్ట్ కెరీర్ చూస్తే తెలుస్తుంది. దాన్ని సాధ్యం చేసిన నిబంధనలు సరిగ్గా ఆ రెండు మూడేళ్లలోనే వచ్చాయి. వాటిలో ఒకటి ఇప్పుడు లేదు కూడా.

క్లబ్బు నుంచి క్లాసుకు

నెదర్లాండ్స్‌లో అమెరికాలోలాగా హైస్కూల్ జట్ల వ్యవస్థ లేదు. ఆట నేర్చుకోవాలంటే ఊళ్లోని క్లబ్బులో చేరాల్సిందే. పోస్ట్ వచ్చింది అపోలో ఆమ్‌స్టర్‌డామ్ క్లబ్బు నుంచి. ప్రపంచంలోనే సగటు ఎత్తు ఎక్కువున్న జనాభా ఉన్న దేశమైనా అక్కడ జనం మనసు ఫుట్‌బాల్, హాకీ, స్పీడ్ స్కేటింగ్ మీదే. 2021లో డచ్, బెల్జియం లీగులు కలిసి బీఎన్‌ఎక్స్‌టీ లీగ్‌గా మారాయి గానీ, స్పెయిన్, టర్కీ పెద్ద క్లబ్బుల్లాగా పదహారేళ్ల పిల్లాడికి డబ్బిచ్చి పెంచే స్తోమత డచ్ క్లబ్బులకు లేదు.

ఆ లేమి ఒక రకంగా కలిసొచ్చింది. పోస్ట్ వెళ్లిన రోజుల్లో ఎన్‌సీఏఏ, అంటే అమెరికా కాలేజీ క్రీడల పాలకమండలి, ప్రతి విదేశీ ఆటగాడి పాత లెక్కలు తవ్వేది. క్లబ్బు నుంచి తిండి, బస, ప్రయాణం, శిక్షణ ఖర్చుల వరకు తీసుకోవచ్చు. అంతకు మించి తీసుకుంటే ఇబ్బందే. టర్కీకి చెందిన ఎనెస్ కాంటర్ ఫెనర్‌బాచే క్లబ్బు నుంచి అసలు ఖర్చుల కంటే 33,033 డాలర్లు ఎక్కువ తీసుకున్నాడని తేల్చి, కెంటకీ యూనివర్సిటీ తరఫున ఒక్క మ్యాచ్ కూడా ఆడనివ్వలేదు. 2010-11 నాటి ఆ తీర్పు యూరప్ క్లబ్బుల్లో చాలాకాలం భయంగా మిగిలింది. జీతం లేని డచ్ కుర్రాడికి ఆ భయం తక్కువ.

చిక్కంతా చదువు కాగితాల దగ్గరే వస్తుంది. కాలేజీ ఆటలో పై స్థాయి అయిన డివిజన్ 1లో ఆడాలంటే తొమ్మిదో తరగతి స్థాయి నుంచి మొదలుపెట్టి 16 కోర్ సబ్జెక్టులు పూర్తవ్వాలి, వాటిలో సగటు గ్రేడు కనీసం 2.3 ఉండాలి. శాట్, ఏసీటీ స్కోర్ల నిబంధనను 2023 జనవరిలో తీసేశారు. మిగతా లెక్క అలాగే ఉంది. డచ్ పిల్లలకు ప్రాథమిక బడి అయ్యాక దారులు వేరవుతాయి: హావో ఐదేళ్లు, వీడబ్ల్యూఓ ఆరేళ్లు. క్లాసు తప్పితే అదే క్లాసు మళ్లీ చదవడం అక్కడ మామూలే, ఎవరూ చిన్నచూపు చూడరు. కానీ ఎన్‌సీఏఏ మాత్రం నిర్ణీత కాలంలో పూర్తయిన సబ్జెక్టులనే లెక్కేస్తుంది. ఒక ఏడాది మళ్లీ చదివిన కుర్రాడికి చేతిలో డిప్లొమా ఉన్నా 16కి రెండు మూడు సబ్జెక్టులు తగ్గే ప్రమాదముంది. పదిహేనేళ్ల వయసులో తప్పిన లెక్కల పరీక్ష పందొమ్మిదేళ్లకు అమెరికా వెళ్లాక ఎదురొస్తుంది. అప్పుడు దిద్దుకోవడానికి దారులు చాలా తక్కువ.

దీనికి తోడు గడువు ఒకటుంది. బడి చదువు ముగిశాక పోస్ట్ తరం వాళ్లకు దొరికిన వెసులుబాటు ఒక్క ఏడాది. ఆ ఏడాది దాటి క్లబ్బు పోటీల్లో ఆడుతూ ఉంటే, ఆడిన ప్రతి ఏడాదికీ కాలేజీ సీజన్ ఒకటి కోత పడేది. "ఇంకో రెండేళ్లు ఇక్కడే ఆడి బలం పుంజుకుని వెళ్తా" అనుకునే కుర్రాడు తెలియకుండానే తన కాలేజీ కాలాన్ని సగం చేసుకున్నట్టే. పోస్ట్ 2000 మార్చి 21న పుట్టాడు. 2019లో, 19 ఏళ్లకు, గడువు చేయి దాటకముందే బయల్దేరాడు.

స్టార్క్‌విల్‌లో రెండేళ్లు

మిసిసిపీ స్టేట్ యూనివర్సిటీ ఉన్నది స్టార్క్‌విల్ అనే చిన్న ఊళ్లో. కోచ్ బెన్ హౌలండ్. అంతకుముందు యూసీఎల్‌ఏను 2006, 2007, 2008లో వరుసగా మూడుసార్లు ఫైనల్ ఫోర్‌కు, అంటే జాతీయ టోర్నీ సెమీఫైనల్స్‌కు, చేర్చినవాడు. పేరున్న కోచ్, పేరున్న సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్స్ (తమలో తాము పోటీపడే కాలేజీల బృందం), పూర్తి స్కాలర్‌షిప్. పైకి చూస్తే వంక పెట్టడానికి లేని ఎంపిక.

అయితే లోపల కుర్చీలు నిండి ఉన్నాయి. 2019-20లో ఆ జట్టులో రెజీ పెరీ ఉన్నాడు. ఆ ఏడాది కాన్ఫరెన్స్ ఉత్తమ ఆటగాడి గౌరవాన్ని మరొకరితో పంచుకున్నవాడు. పక్కన నైజీరియా సెంటర్ అబ్దుల్ అడో. పెరీ ఎన్‌బీఏకు వెళ్లిపోగానే, ట్రాన్స్‌ఫర్ నిబంధన వల్ల ఏడాది బయట కూర్చున్న టోలు స్మిత్ ఆడడానికి సిద్ధంగా ఉన్నాడు. ఆ ముగ్గురి వెనక బక్కపలచని డచ్ కుర్రాడికి మిగిలినవి కొన్ని నిమిషాలే. 2021లో ఆ జట్టు, జాతీయ టోర్నీలో చోటు దక్కని జట్లు ఆడే ఎన్‌ఐటీ టోర్నీలో ఫైనల్ దాకా వెళ్లింది, పోస్ట్ మాత్రం ఎక్కువగా బెంచి మీద నుంచే చూశాడు.

యూరప్ సెంటర్ మొదటి ఏడాది ఎందుకు తడబడతాడో కోర్టు కొలతల్లోనే కనబడుతుంది. అంతర్జాతీయ ఆటలో బుట్ట కింద పెయింట్ వెడల్పు 4.9 మీటర్లు. అమెరికా కాలేజీలో 12 అడుగులు, అంటే 3.66 మీటర్లే. దాడి చేసే ఆటగాడు పెయింట్‌లో మూడు సెకన్లకు మించి నిలబడకూడదు. పెయింట్ ఇరుకైన కొద్దీ ఆ మూడు సెకన్ల నిబంధన తగలకుండానే ప్రత్యర్థి సెంటర్ రిమ్‌కు మరింత దగ్గరగా పాతుకుని నిలబడగలడు. అక్కడి నుంచి భుజంతో ఒక్క తోపు తోస్తే చాలు, బంతి బుట్టలో పడుతుంది. నైపుణ్యంతో ఆపలేని చోటు అది, బరువు కావాల్సిందే. డచ్ జూనియర్ లీగుల్లో కదలిక నేర్పుతారు, తోపులాట పెద్దగా తగలదు.

రెండోది అలవాటు. అంతర్జాతీయ నిబంధనల్లో షాట్ రిమ్‌ను తాకిందంటే చాలు, బంతి రిమ్ మీద దొర్లుతున్నా సరే ఎవరైనా చెయ్యి పెట్టి తీసేయొచ్చు, లోపలికి నెట్టొచ్చు. యూరప్ పొడుగు కుర్రాళ్లకు పన్నెండేళ్ల నుంచీ నేర్పే పాఠం అది. అమెరికాలో బంతి రిమ్ మీదున్న ఊహా స్తంభంలో ఉన్నంతసేపు ముట్టుకోకూడదు. డిఫెండర్ ముట్టుకుంటే ఈల, ప్రత్యర్థికి పాయింట్లు. చెయ్యి తనంతట తానే లేచిపోయే అలవాటును మాన్పించడం కొత్తది నేర్పించడం కంటే కష్టం. పది నిమిషాలు మాత్రమే దొరికే ఆటగాడికి ఇలాంటి తప్పు రెండుసార్లు జరిగితే కోచ్ చూపు బెంచి వైపు తిరుగుతుంది.

సాధన చేసి దిద్దుకుందామంటే సీజన్‌లో కోచ్‌ల సమక్షంలో వారానికి 20 గంటలు, రోజుకు నాలుగు గంటలే పరిమితి. వారంలో ఒక రోజు సెలవు తప్పనిసరి. ఆ 20 గంటల్లో వీడియో చూడడం, వ్యాయామం కూడా కలిసే ఉంటాయి. మ్యాచ్‌లకు సిద్ధమయ్యే పనే ఎక్కువ భాగం తినేస్తుంది. బెంచి ఆటగాడి బలహీనత మీద విడిగా కూర్చుని పనిచేసే తీరిక అక్టోబర్ నుంచి మార్చి దాకా దాదాపు దొరకదు. పెరిగేది వేసవిలోనే. కాబట్టి ఎన్ని వేసవులు చేతిలో ఉన్నాయన్నదే అసలు లెక్క.

ఒక్క విషయంలో మాత్రం పోస్ట్ తరానికి అదృష్టం కలిసొచ్చింది. కాలేజీ పురుషుల ఆటలో త్రీ-పాయింట్ గీతను 2019-20 సీజన్ నుంచే 6.75 మీటర్లకు జరిపారు, అంతర్జాతీయ ఆటలోని దూరం సరిగ్గా అదే. అతను ఇంటి దగ్గర వేసిన షాట్‌నే ఇక్కడా వేయొచ్చు, దూరం మళ్లీ అలవాటు చేసుకోనక్కర్లేదు. అతని కెరీర్ మొత్తం ఆ షాట్ మీదే నిలబడింది.

2021 వసంతం

రెండు నిర్ణయాలు పోస్ట్ దారిని మార్చాయి. ఒకటి 2020 అక్టోబర్‌లో వచ్చింది: కరోనా కారణంగా 2020-21 సీజన్‌ను ఎవరి లెక్కలోనూ వేయబోమని ఎన్‌సీఏఏ తేల్చింది. నాలుగు సీజన్ల ఆట ఐదైంది. రెండోది 2021 ఏప్రిల్‌లో: కాలేజీ మారితే ఏడాది ఖాళీగా కూర్చోవాలన్న పాత నిబంధనను మొదటి మార్పు వరకు ఎత్తేశారు. టోలు స్మిత్ ఆ పాత నిబంధన కింద ఒక సీజన్ పోగొట్టుకున్నాడు. పోస్ట్‌కు ఒక్క రోజు కూడా పోలేదు. రెండేళ్లు బెంచి మీద గడిపాక కూడా అతని చేతిలో ఇంకా మూడు పూర్తి సీజన్లు, వాటి వేసవులు మిగిలాయి.

అతను ఎంచుకున్నది బోస్టన్ కాలేజీ. ఈ ఎంపికను కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే చాలామంది కుర్రాళ్లు ఇక్కడే పొరపాటు పడతారు. బెంచి మీద విసిగినవాడికి రెండు కోరికలు పుడతాయి: ఇంకా పెద్ద పేరున్న జట్టుకు వెళ్లి తన విలువ నిరూపించుకోవాలని, లేదా చిన్న కాన్ఫరెన్స్‌లో చేరి వారం వారం 25 పాయింట్లు కొట్టాలని. మొదటిదాంట్లో మళ్లీ బెంచే. రెండోదాంట్లో అంకెలు వస్తాయి, అయితే ఎదురు నిలిచేది 6 అడుగుల 7 అంగుళాల సెంటర్లయితే ఎన్‌బీఏ జట్ల కోసం ఆటగాళ్లను వెతికే స్కౌట్లు ఆ అంకెలను నమ్మరు. బోస్టన్ కాలేజీ ఈ రెంటికీ మధ్యలో ఉంది. 2020-21లో 16 మ్యాచ్‌లు ఓడి నాలుగే గెలిచిన జట్టు అది. కాలేజ్ ఆఫ్ చార్ల్‌స్టన్ నుంచి ఎర్ల్ గ్రాంట్ కొత్త కోచ్‌గా అప్పుడే వచ్చాడు. పాత ఆటగాళ్లు చెల్లాచెదురయ్యారు, నిమిషాలు ఎవరి పేరునా రాసిలేవు. కానీ ఆడేది ఏసీసీ (అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్)లో: డ్యూక్, నార్త్ కరోలినా, వర్జీనియా సెంటర్లతో. బలహీనమైన జట్టు, బలమైన ప్రత్యర్థులు. పొడుగు కుర్రాడు ఎదగడానికి ఇంతకు మించిన కలయిక లేదు.

కొత్త కోచ్ కావడంలో ఇంకో లాభం ఉంది. ఉద్యోగంలో చేరిన ఏడాదే చేర్చుకున్న ఆటగాడిని ఏ కోచ్ అయినా ఓపికగా చూస్తాడు. అలాంటి కోచ్‌కు తొలి మూడు సీజన్లలో కుర్చీ కదిలే అవకాశం కూడా తక్కువ. పోస్ట్ బోస్టన్‌లో ఉన్న మూడేళ్లూ కోచ్ మారలేదు. జట్టు గెలుపోటముల లెక్క 13-20 నుంచి 16-17కి, ఆపైన 20-16కి ఎదిగింది. మరోవైపు అతను వదిలొచ్చిన స్టార్క్‌విల్‌లో హౌలండ్ పదవి 2022 మార్చిలో పోయింది. అక్కడే ఉండి ఉంటే మూడో ఏడాది చివర మళ్లీ కొత్త కోచ్ ముందు సున్నా నుంచి మొదలుపెట్టాల్సి వచ్చేది.

ఎదుగుదల గీత గీసినట్టు సాఫీగా సాగలేదు. 2022-23 మొదట్లో పాదం గాయంతో చాలా మ్యాచ్‌లు పోయాయి, ఆడింది 19 మాత్రమే. ఆ 19లోనే సగటున 15.1 పాయింట్లు, 5.6 రీబౌండ్లు. ఏసీసీలో అత్యధికంగా మెరుగుపడిన ఆటగాడి అవార్డు దక్కింది. ఏడడుగుల మనిషికి పాదం ఎముక గాయం అంటే మామూలు విషయం కాదు, తొందరపడి దిగితే అదే చోట మళ్లీ విరుగుతుంది. చేతిలో మరో సీజన్ ఉండడం వల్లనే నిదానంగా తిరిగి రావడం సాధ్యమైంది. కరోనా ఏడాది లెక్కలోకి వచ్చి ఉంటే అది అతని చివరి సీజన్ అయ్యేది. అప్పుడు గాయంతోనే పరుగెత్తక తప్పేది కాదు.

2023-24లో సగటు 17.0 పాయింట్లు, 8.1 రీబౌండ్లు, 2.9 అసిస్టులు (బుట్టకు దారితీసిన పాసులు), త్రీ-పాయింటర్లలో 43.1 శాతం. స్కౌట్లకు కావాల్సింది ఈ నాలుగు అంకెల్లో చివరి రెండే. ఏడడుగుల మనిషి పాయింట్లు, రీబౌండ్లు కొట్టడం వింతేమీ కాదు. బోస్టన్ కాలేజీ ఆటలో పోస్ట్ చాలాసార్లు త్రీ-పాయింట్ గీత పైన బంతి పట్టుకుని నిలబడేవాడు. గార్డు, అంటే బంతి నడిపే ఆటగాడు, అతని వైపు పరుగెత్తి వచ్చి చేతిలోంచి బంతి అందుకుంటాడు. పోస్ట్ శరీరమే గార్డు వెంట వస్తున్న డిఫెండర్‌కు అడ్డుగోడ. ఆ క్షణంలో పోస్ట్‌ను కాసే సెంటర్ గార్డు మీదకు వెళ్తే, పోస్ట్ వెనక్కి రెండడుగులు వేసి త్రీ వేస్తాడు. వెళ్లకుండా పోస్ట్‌కే అతుక్కుంటే గార్డుకు రిమ్ దాకా దారి ఖాళీ. ఇంకెవరో సాయానికి పరుగెత్తితే మూలన ఒంటరిగా నిలబడ్డవాడికి పోస్ట్ పాస్. ప్రత్యర్థి సెంటర్‌ను బుట్ట నుంచి ఎనిమిది మీటర్ల దూరానికి లాగేయడమే ఈ ఆట సారం. దానికి షాట్ ఒక్కటే సరిపోదు, ఎప్పుడు వేయకూడదో కూడా తెలియాలి. 2.9 అసిస్టులు చెప్పేది ఆ సంగతే.

మూడు రోజుల ముందు పుట్టిన ఇంకో సెంటర్

పోస్ట్ కంటే సరిగ్గా మూడు రోజుల ముందు, 2000 మార్చి 18న, అదే ఆమ్‌స్టర్‌డామ్‌లో జెస్సీ ఎడ్వర్డ్స్ పుట్టాడు. అతనూ అపోలో కుర్రాడే, అతనూ దాదాపు ఏడడుగులే. ఐఎంజీ అకాడమీలో ఏడాది ఉండి 2019లోనే సిరాక్యూస్‌లో చేరాడు. ఐదు సీజన్లు, రెండు కాలేజీలు. కాగితం మీద ఇద్దరి కథా ఒకటే. ఫలితాలు మాత్రం వేరయ్యాయి, ఎందుకో చూడటం అవసరం.

సిరాక్యూస్ అంటే జిమ్ బోహైమ్, ఆయన 2-3 జోన్. ముందు ఇద్దరు, వెనక ముగ్గురు నిలబడి, మనిషిని కాకుండా చోటును కాపాడే డిఫెన్స్. వెనక వరస నడుమ సెంటర్ ఉంటాడు. కాలేజీ ఆటలో డిఫెన్స్‌కు మూడు సెకన్ల నిబంధన లేదు కాబట్టి అతను పెయింట్‌లోనే నిలబడి బ్లాకులు చేయొచ్చు. ఎడ్వర్డ్స్ ఆ పని అద్భుతంగా చేశాడు. 2022-23లో సగటున 14.5 పాయింట్లు, 10.3 రీబౌండ్లు, రెండుకు పైగా బ్లాకులు. ఎన్‌బీఏలో ఎవరినీ దగ్గరగా కాయకుండా పెయింట్‌లో మూడు సెకన్లు నిలబడితే టెక్నికల్ ఫౌల్. అక్కడ సెంటర్ 24 అడుగుల దూరం వచ్చి గార్డును ఎదుర్కోవాలి, వెంటనే వెనక్కి పరుగెత్తాలి. నాలుగేళ్ల జోన్ అలవాటు చూసిన స్కౌట్‌కు ఆ పరుగు ఎలా ఉంటుందో అంచనాకు రాదు. త్రీ-పాయింటర్ కూడా లేకపోవడంతో అనుమానం రెట్టింపైంది.

దురదృష్టమూ తోడైంది. 2022 ఫిబ్రవరిలో మణికట్టు గాయంతో సీజన్ అక్కడితో ముగిసింది. 2023 మార్చిలో 47 సీజన్ల తర్వాత బోహైమ్ శకం ముగిసింది. ఎడ్వర్డ్స్ వెస్ట్ వర్జీనియాకు, బాబ్ హగ్గిన్స్ దగ్గరికి మారాడు. జూన్‌లో హగ్గిన్స్ రాజీనామా చేశాడు. తాత్కాలిక కోచ్ కింద ఆ జట్టు 9 గెలిచి 23 ఓడింది. డిసెంబర్‌లో మళ్లీ మణికట్టు విరిగింది. అయినా సగటున 15 పాయింట్లు కొట్టాడు, అది చిన్న విషయం కాదు. డ్రాఫ్ట్‌లో మాత్రం పేరు రాలేదు. మిన్నెసోటా టింబర్‌వుల్వ్స్ టూ-వే కాంట్రాక్టు (ఎన్‌బీఏ జట్టుకూ దాని కింది లీగు జట్టుకూ ఆడే ఒప్పందం) ఇచ్చింది. శ్రమలో ఎడ్వర్డ్స్ ఎవరికీ తీసిపోడు. కానీ మొదటి కాలేజీలో నాలుగేళ్లు ఉండి, అక్కడి పద్ధతికి తగినట్టు మలుచుకుని, మారేనాటికి ఒక్క సీజనే మిగిలింది. రెండో కాలేజీ ఇచ్చే లాభం రావాలంటే అక్కడ కనీసం రెండు వేసవులు కావాలి.

పాత డచ్ తరంలో ఇంత గందరగోళం లేదు. ఐండ్‌హోవెన్‌కు చెందిన 7 అడుగుల 4 అంగుళాల రిక్ స్మిట్స్ నాలుగేళ్లూ మారిస్ట్ అనే చిన్న కాలేజీలోనే ఆడి, 1988 డ్రాఫ్ట్‌లో రెండో స్థానంలో ఇండియానా పేసర్స్‌కు వెళ్లి, పన్నెండు సీజన్లూ అక్కడే గడిపాడు. డెన్ హెల్డర్‌లో పుట్టిన స్వెన్ నేటర్ యూసీఎల్‌ఏలో బిల్ వాల్టన్ వెనక బెంచి మీద కూర్చునే 1973లో తొలి రౌండ్‌లో ఎంపికయ్యాడు. గీర్ట్ హామింక్ ఎల్‌ఎస్‌యూలో షకీల్ ఓనీల్ వెనక ఉన్నాడు. ఆ రోజుల్లో ఎత్తు ఉంటే చాలు, డ్రాఫ్ట్ తలుపు తెరుచుకునేది. ఇప్పుడు ఎత్తుతో పాటు షాట్ అడుగుతున్నారు, షాట్ రావడానికి ఏళ్లు పడుతుంది.

వీసా, డబ్బు

2021 జూలై 1 నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు, ముఖంతో ప్రకటనలు చేసి సంపాదించుకోవచ్చు. తోటి అమెరికన్ ఆటగాడు కార్ల కంపెనీ వీడియో చేసి డబ్బు తీసుకుంటుంటే, పక్క లాకర్ డచ్ కుర్రాడు చేయలేడు. కారణం ఎఫ్-1 వీసా. అమెరికాలో ఎం.ఎస్. చేసే వేలాది తెలుగు విద్యార్థులకు ఈ సంకెళ్లు కొత్తగా చెప్పనక్కర్లేదు: క్యాంపస్‌లో వారానికి 20 గంటల పని, బయట పని చేయాలంటే సీపీటీ, ఓపీటీ అనుమతి, లేదంటే ఐ-20 ప్రమాదంలో పడుతుంది. ఫుల్‌టైమ్ 12 క్రెడిట్లు, అందులో ఆన్‌లైన్ కోర్సు ఒకటే చెల్లుతుందన్న నిబంధన కూడా ఆటగాడికి అంతే వర్తిస్తుంది. బస్సుల్లో, విమానాల్లో తిరిగే జట్టుకు ఆన్‌లైన్ క్లాసులే అనువు, అమెరికన్ ఆటగాళ్లు అవే తీసుకుంటారు. ఎఫ్-1 ఆటగాడు మాత్రం మంగళవారం రాత్రి మ్యాచ్ ఆడి బుధవారం ఉదయం తరగతి గదిలో కూర్చోవాలి.

దీనికి దొరికిన దారులు రెండు. జెర్సీ అమ్మకాల మీద రాయల్టీలాంటి, పని చేయకుండా వచ్చే ఆదాయం మొదటిది. అమెరికా గడ్డ బయట పని చేయడం రెండోది. 2022 ఆగస్టులో కెంటకీ జట్టు బహామాస్‌కు వెళ్లినప్పుడు కాంగోకు చెందిన ఆస్కర్ చీబ్వే తన ఒప్పందాల పనులు అక్కడే పూర్తిచేసుకున్నాడు. కెనడాకు చెందిన జాక్ ఈడీ దేశంలోనే ఉత్తమ ఆటగాడిగా ఉండి కూడా ఇదే ఇబ్బంది పడ్డాడు. 2025 జూలై నుంచి కాలేజీలే ఆటగాళ్లతో ఆదాయం పంచుకోవచ్చు. మొదటి ఏడాది పరిమితి ఒక్కో కాలేజీకి 2.05 కోట్ల డాలర్లు. అలాంటి చెల్లింపు ఎఫ్-1 కింద పనికి కూలీ అవుతుందా, రాయల్టీ అవుతుందా అన్నది న్యాయవాదులను అడగకుండా సంతకం పెట్టకూడని విషయం.

కాలేజీ దారిలో మరో లాభముంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. ఎన్‌బీఏ నిబంధనల ప్రకారం అమెరికా కాలేజీలో ఎప్పుడూ చేరని విదేశీ ఆటగాడు 22 ఏళ్లు నిండే సంవత్సరంలో అడగకపోయినా డ్రాఫ్ట్ జాబితాలో చేరిపోతాడు. పోస్ట్ ఇంటి దగ్గరే ఉండిపోయి ఉంటే 2022లో, ఎవరికీ తెలియని ఆటగాడిగా, ఆ ఒక్క అవకాశం ఖర్చయిపోయేది. కాలేజీలో చేరడం వల్ల ఆ గడియారం ఆగింది. తాను సిద్ధమైన 2024 దాకా ఆగగలిగాడు.

డ్రాఫ్ట్ రోజు హక్కులు చేతులు మారి చివరికి గోల్డెన్ స్టేట్ వద్దకే చేరాయి. ఇచ్చింది టూ-వే కాంట్రాక్టు: 2024-25లో దాని విలువ 5,78,577 డాలర్లు, ఎన్‌బీఏ జట్టుతో గరిష్ఠంగా 50 మ్యాచ్‌లు, మిగతా కాలం కింది లీగులోని శాంటా క్రూజ్ వారియర్స్‌తో. 2025 ఫిబ్రవరిలో జిమ్మీ బట్లర్ కోసం జరిగిన మార్పిడి తర్వాత పోస్ట్‌ను సాధారణ కాంట్రాక్టులోకి మార్చారు. సగటున 8.1 పాయింట్లు, త్రీల్లో 40 శాతానికి పైగా. స్టెఫెన్ కర్రీ పక్కన ఆడే సెంటర్‌కు కావాల్సిన పని బోస్టన్‌లో చేసినదే: బంతి అందించడం, అడ్డు నిలబడడం, వెనక్కి జరిగి వేయడం. కొత్తగా నేర్పాల్సింది తక్కువ కాబట్టే అంత త్వరగా ఇమిడిపోయాడు.

ఇప్పుడు 18 ఏళ్లున్న డచ్ సెంటర్‌కు ఇదే దారి ఇంత తేలిగ్గా దొరకదు. కరోనా సీజన్ మళ్లీ రాదు. ట్రాన్స్‌ఫర్ 2024 నుంచి ఎన్నిసార్లయినా చేయొచ్చు, కానీ ఆ స్వేచ్ఛ కోచ్‌లకూ ఉంది: ఎదగడానికి మూడేళ్లు పట్టే పొడుగు కుర్రాడికి స్కాలర్‌షిప్ ఇవ్వడం కంటే, మరెక్కడో ఎదిగిన 22 ఏళ్లవాడిని పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితా) నుంచి తెచ్చుకోవడం వాళ్లకు లాభం. యూరప్ పెద్ద క్లబ్బుల్లో ఆడి రాటుదేలిన కుర్రాళ్లు కూడా డబ్బు కోసం ఇదే వైపు వస్తున్నారు. స్టార్క్‌విల్ బెంచి లాంటి చోటు కూడా రేపటి పోస్ట్‌కు దొరకడం కష్టమే.

దొరికినవాడు మొదటి రోజు నుంచే రెండో కాలేజీకి సిద్ధపడి ఉండాలి, దానికి ఆటకంటే ముందు చూసుకోవాల్సింది చదువు లెక్క. మూడో ఏడాది మొదలయ్యేసరికి డిగ్రీలో 40 శాతం, నాలుగో ఏడాదికి 60, ఐదో ఏడాదికి 80 శాతం పూర్తయి ఉండాలని ఎన్‌సీఏఏ అడుగుతుంది. కాలేజీ మారినప్పుడు పాత క్రెడిట్లలో కొన్నిటిని కొత్త కాలేజీ ఒప్పుకోదు. ముఖ్యంగా ఆటగాళ్లకు సులువని ఇచ్చే కోర్సులు ఇలాగే పోతాయి. 60 శాతం ఉందనుకున్నవాడు మారిన రోజు 45 దగ్గర తేలితే, వచ్చిన నిమిషాలున్నా ఆడడానికి అర్హత ఉండదు. అందుకే పోర్టల్‌లో పేరు వేయకముందే ఏ క్రెడిట్లు చెల్లుతాయో కొత్త కాలేజీ రిజిస్ట్రార్ నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. పాత కాలేజీ సెవిస్ రికార్డును (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ నమోదు) ఏ తేదీన వదులుతుందో, కొత్త ఐ-20 వేసవి సాధనలకు ముందే చేతికొస్తుందో లేదో అదే వారంలో అడగాలి. ఆ తర్వాత కోచ్‌ను అడగాల్సినవి మూడు: వచ్చే ఏడాది ఈ స్థానంలో ఎంతమంది మిగులుతున్నారు, నీ కాంట్రాక్టు ఇంకా ఎన్నేళ్లుంది, నన్ను గీత బయట ఆడిస్తావా.